ఇమాటినిబ్ నుంచి మరో మందుకు మారే ముందు చూసుకోవాల్సినవి

క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలో (ఒక రకం రక్త క్యాన్సర్) ఇమాటినిబ్ ఏడాది వాడాక కూడా రక్తపరీక్షలో బీసీఆర్-ఏబీఎల్ (ఈ క్యాన్సర్‌కు కారణమైన జన్యువు) 1 శాతం పైనే ఉంటే ఆ మందు పనిచేయనట్టే లెక్క. అయితే మందును తప్పుపట్టే ముందు, వదిలేసిన మాత్రలెన్నో నిజాయితీగా లెక్కపెట్టి డాక్టరుకు చెప్పండి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫెనిటోయిన్ వాడుతున్నా చెప్పాలి. అవి రక్తంలో ఇమాటినిబ్ స్థాయిని పడగొడతాయి.

మ్యుటేషన్ పరీక్ష (ఆ జన్యువులో మార్పులు వచ్చాయేమో చూసేది) అయ్యాకే కొత్త మందు ఎంచుకోవాలి. టీ315ఐ అనే మార్పు ఉంటే, ఇమాటినిబ్ తర్వాత వాడే డాసాటినిబ్, నిలోటినిబ్ రెండూ దండగే. పోనాటినిబ్ లేదా అసిమినిబ్ వైపు చూడాలి. హెపటైటిస్ బి పరీక్ష కూడా అప్పుడే.

నిలోటినిబ్ క్యాప్సూల్ అయితే:
- మొదలుపెట్టే ముందు, వారం తర్వాత ఈసీజీ. పొటాషియం, మెగ్నీషియం తక్కువుంటే ముందు సరిచేయాలి, లేకపోతే గుండె లయ తప్పే ప్రమాదం.
- షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి.
- 12 గంటల తేడాతో రోజుకు రెండుసార్లు. వేసుకునే ముందు 2 గంటలు, తర్వాత గంట ఏమీ తినకూడదు. ఇమాటినిబ్ అన్నం తిన్నాక వేసుకునే అలవాటు కాబట్టి ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కడుపు నిండుగా ఉంటే మందు అతిగా ఒంటికి పడుతుంది.
- పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ వద్దు. డోంపెరిడోన్ కలిసిన గ్యాస్ మాత్రా వద్దు.

డాసాటినిబ్‌కి తిండి పట్టింపు లేదు. గ్యాస్ మాత్రలతోనే పేచీ: పాంటోప్రజోల్ వాడితే మందు సరిగా ఒంటికి పట్టదు. ఆయాసం, పొడిదగ్గు వస్తే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందేమో వెంటనే చూపించుకోవాలి.

మిగిలిన ఇమాటినిబ్ మాత్రలు కొత్త వాటి పక్కన ఉంచొద్దు.