పురుగుమందుల గురించి రాసిన హెచ్చరిక వ్యాసాన్ని విడదీసి చదవడం ఎలా

గుంటూరు మిరప మీదో, విజయవాడ కాలువల మీదో వచ్చిన వ్యాసం ఒకటి తీసుకోండి. రెండు పేజీలు చాలు. మార్జిన్ ఎక్కువ వదిలి ప్రింటు తీసి, మూడు రంగుల పెన్నులు దగ్గర పెట్టుకోండి. మొదటిసారి ఊరికే చదివి, భయం వేసిన చోట, కోపం వచ్చిన చోట చిన్న గీత పెట్టండి. తర్వాత పనంతా ఆ గీతల దగ్గరే.

రెండోసారి క్రియలు చూడాలి. చాలామంది 'ఘోరమైన', 'ప్రాణాంతక' లాంటి విశేషణాలు ఏరి, జాబితా రాసి ఆగిపోతారు. వాటివల్ల వ్యాసం ఎంత గట్టిగా అరిచిందో తెలుస్తుంది, తప్పు ఎవరి మీద వేసిందో తెలియదు. ఈ మూడు వాక్యాలు చూడండి:

కాలువ నీరు కలుషితమైంది.
కాలువ నీటిని కలుషితం చేశారు.
మందు కొట్టాక ట్యాంకులు కాలువలోనే కడిగారు.

మొదటి వాక్యంలో చేసినవాళ్లే లేరు, నీరు దానంతటదే పాడైంది. రెండోదాంట్లో ఎవరో ఉన్నారు, కానీ ఎవరన్నది చెప్పకుండానే తెలుగు వాక్యం పూర్తయిపోతుంది. మూడోదాంట్లోనూ కర్త లేడు, అయినా చదివేవాళ్ల కళ్ల ముందు రైతో కూలీయో నిలబడతాడు. అందుకే కర్త కనబడే క్రియలకు ఒక రంగు, కర్త జారిపోయిన క్రియలకు ఇంకో రంగు వెయ్యండి. రైతు పక్కన ఎప్పుడూ 'కొడుతున్నాడు', 'కలుపుతున్నాడు' అని ఉండి, కంపెనీ దగ్గరికొచ్చేసరికి 'మార్కెట్లోకి వచ్చింది', 'అమ్ముడవుతోంది' అని మారితే, నింద ఎటు ఒరిగిందో పేజీ మీదే కనిపిస్తుంది. రైతు మీద పడే ఈ అన్యాయం మంచి ఉద్దేశంతో రాసిన వ్యాసాల్లోనూ ఉంటుంది. ఇది వదిలెయ్యకండి.

'దాడి', 'ఉధృతి' లాంటి యుద్ధపు మాటలు ఎవరికి వాడారో చూడండి. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని దెబ్బతీసినప్పటి రాతలు దీనికి పనికొస్తాయి. మామూలు వార్తలో దాడి చేసేది పురుగు. హెచ్చరిక వ్యాసంలో అదే మాట మందుకు మారుతుంది. ఏ పేరాలో మారిందో రాసుకోండి.

మూడో రంగు రుజువులకు. 'తేలింది' అంటే ఎవరి పరీక్షలో? 'అంటున్నారు' అంటే ఎవరు? అవశేషాలు 'పరిమితికి మించి' ఉన్నాయంటే ఏ మందుకు, ఏ పంటలో, మన దేశపు పరిమితా, కొనే దేశపు పరిమితా? రెండూ ఒకటి కావు.

మందు డబ్బా మీది లేబుల్‌నూ పక్కన పెట్టి పోల్చండి. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారం దాని మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఒకటి ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా తీవ్రం, పుర్రె గుర్తు దానికే. ఈ రంగులు చెప్పేది మందు ఒంట్లోకి వెళ్తే వెంటనే ఎంత విషమన్నది మాత్రమే. ఏళ్ల తరబడి మట్టిలో మిగలడం గురించి, తేనెటీగల గురించి రంగు ఏమీ చెప్పదు. ఆకుపచ్చ కాబట్టి భయం లేదనే వ్యాసమూ, ఎరుపు కాబట్టి క్యాన్సర్ ఖాయమనే వ్యాసమూ రంగుతో లేని మాట చెప్పిస్తున్నట్టే.

వ్యాసం ఊరి కథతో మొదలైతే, ఆ ఊరు నిజమో కల్పనో చెప్పారా చూడండి. అమెరికన్ రచయిత్రి రేచల్ కార్సన్ పురుగుమందుల మీద 1962లో రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకాన్ని ఊహించిన ఊరితోనే మొదలుపెట్టింది. కానీ అలాంటి ఊరు లేదనీ, ఆ నష్టాల్లో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట జరిగిందేననీ ఆ అధ్యాయంలోనే చెప్పేసింది. అంత బలమైన కథకు నమ్మకం తెచ్చింది ఆ వివరణే.

ఇలా చదివాక మీ విశ్లేషణ రాసేటప్పుడు ఒక్కో పేరాలో ఒకే వాక్యం ఎత్తి చూపండి: ముందు ఆ వాక్యం, తర్వాత అందులోని మాట చేసిన పని, ఆ తర్వాత పాఠకుడిపై ప్రభావం. అనువాదం మీద పని చేస్తుంటే మాటల ఎంపికను మూల రచయితకు అంటగట్టకండి, అది అనువాదకుడిది కావచ్చు.