స్కూబా డైవర్లకు ఆక్సిజన్ ప్రథమ చికిత్స: శిక్షణలో నేర్చుకోవలసింది, పడవ మీద చేయవలసింది

డైవ్ ముగించి పైకి వచ్చిన వ్యక్తికి ఒంట్లో తేడా చేసినప్పుడు పడవ మీద ఆక్సిజన్ సిలిండర్ ఉంటే సరిపోదు, దాన్ని తడుముకోకుండా వాడగలిగిన మనిషి కూడా ఉండాలి. సాధారణ డైవింగ్ కోర్సులు ఈ విషయాన్ని పైపైన చెప్పి వదిలేస్తాయి కాబట్టి ఆక్సిజన్ ప్రథమ చికిత్సను విడిగా నేర్చుకోవడం అవసరం.

ఆక్సిజన్ ఎందుకు పనిచేస్తుందో ముందుగా అర్థం చేసుకోవాలి. ముప్పై మీటర్ల లోతులో పీడనం ఉపరితలం కంటే నాలుగు రెట్లు ఉంటుంది కాబట్టి పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలోనూ కణజాలంలోనూ ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు అది బయటికి పోయేంత వ్యవధి లేకపోతే బుడగలుగా మారి డీకంప్రెషన్ సిక్‌నెస్‌కు దారితీస్తుంది. బాధితుడు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లోకి కొత్తగా నైట్రోజన్ చేరదు, అందువల్ల ఒంట్లో ఉన్నది వేగంగా బయటికి పోతుంది, బుడగలు కుంచించుకుపోతాయి, రక్తప్రసారం తగ్గిన కణజాలానికి ప్రాణవాయువు అందుతుంది. నైట్రోజన్ బుడగలే ఈ జబ్బుకు కారణమని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లోనే వివరించాడు. ఊపిరి బిగబట్టి పైకి రావడం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని గాలి బుడగ ధమనుల ద్వారా మెదడుకు చేరే ప్రమాదం మరొకటి ఉంది. అది సాధారణంగా పైకి వచ్చిన కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పడం, ఒక పక్క చచ్చుబడటం వంటి లక్షణాలతో బయటపడుతుంది. పడవ మీద ఈ రెండింటినీ వేరుచేసి నిర్ధారించే పని పెట్టుకోనక్కరలేదు, ఎందుకంటే రెండింటికీ ప్రథమ చికిత్స ఒకటే.

నా అంచనాలో శిక్షణ వల్ల కలిగే అసలు ప్రయోజనం పరికరం వాడటం నేర్చుకోవడం కన్నా ముందే, లక్షణాలను గుర్తించడంలో మొదలవుతుంది. కీళ్లనొప్పి, తిమ్మిరి, చర్మంపై మచ్చలు, దురద, తల తిరగడం, మామూలుకు మించిన నీరసం, మూత్రం రాకపోవడం వంటివి డైవ్ తర్వాత కనిపిస్తే చాలామంది డైవర్లు బరువులు ఎత్తడం వల్లనో, నిద్ర చాలకనో వచ్చాయని సర్దిచెప్పుకుంటారు. నీటి అడుగున గాలి పీల్చి వచ్చిన వ్యక్తిలో కొత్తగా ఏ లక్షణం కనిపించినా, వేరే కారణం స్పష్టంగా తేలేవరకు డైవింగ్ వల్ల వచ్చినదిగానే భావించి ఆక్సిజన్ ఇవ్వాలి. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని వేలి మీద చూపే పల్స్ ఆక్సీమీటర్‌లో 98 శాతం కనిపించిందని ఆపేయకూడదు. ఇక్కడ నైట్రోజన్‌ను బయటికి పంపడం కూడా ముఖ్యం, దాని సంగతి ఆ మీటరు చెప్పలేదు.

ముందుగా బాధితుణ్ణి నీటి నుంచి బయటికి తెచ్చి, శ్వాస ఆడుతోందో లేదో చూసి, వెల్లకిలా పడుకోబెట్టాలి. స్పృహ లేకపోయినా శ్వాస ఉంటే పక్కకు తిప్పి ఉంచాలి. కాళ్లు ఎత్తి తల కిందికి వంచే పాత పద్ధతిని ఇప్పుడు సిఫారసు చేయడం లేదు. దగ్గరలో పొగ తాగడం, నిప్పు, నూనె మరకలున్న చేతులు లేకుండా చూసుకుని, సిలిండర్‌ను దొర్లిపోకుండా ఉంచి వాల్వ్‌ను మెల్లగా తెరవాలి. బాధితుడు స్పృహలో ఉండి తానే పీల్చగలిగితే, పీల్చినప్పుడే ఆక్సిజన్ వదిలే డిమాండ్ వాల్వ్ మేలైనది, ఎందుకంటే మాస్క్ ముఖానికి బిగుతుగా అమరితే దాదాపు నూరు శాతం ఆక్సిజన్ అందడమే కాక, వృథా కూడా తగ్గుతుంది. అది కుదరకపోతే నాన్‌రీబ్రీదర్ మాస్క్ (ఆక్సిజన్ నిండే సంచి ఉండి, వదిలిన గాలిని మళ్లీ పీల్చనివ్వనిది) వాడాలి. నిమిషానికి 10 నుంచి 15 లీటర్ల ప్రవాహం పెట్టి, సంచి పూర్తిగా నిండాకే ముఖానికి తగిలించాలి. ముక్కులో పెట్టే సన్నని గొట్టాలు ఈ పనికి చాలవు.

శ్వాస ఆగిపోయిన వ్యక్తి విషయంలో సిలిండర్ కోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోకూడదు. వెంటనే నోటి ద్వారా శ్వాస అందించి, 30 ఛాతీ ఒత్తిళ్లకు 2 శ్వాసల చొప్పున సీపీఆర్ మొదలుపెట్టాలి. ఆక్సిజన్ అమర్చే పని రెండో వ్యక్తి చూసుకోవాలి. అందుకే శిక్షణ పొందినవారు పడవలో ఒక్కరే ఉంటే చాలదు.

సిలిండర్ ఎంతసేపు వస్తుందన్న లెక్కను బయలుదేరక ముందే వేసుకోవాలి. సుమారు 425 లీటర్ల ఆక్సిజన్ పట్టే సిలిండర్‌ను నిమిషానికి 15 లీటర్ల చొప్పున వాడితే 28 నిమిషాల్లో ఖాళీ అవుతుంది; ఒడ్డుకు రెండు గంటల ప్రయాణం ఉన్న చోటికి అదే ప్రవాహంతో 1800 లీటర్లు కావాలి. ఆక్సిజన్ చాలదేమోనని ప్రవాహాన్ని తగ్గించి పొదుపు చేయడం తప్పు. ఉన్నంతవరకు పూర్తి మోతాదులో ఇస్తూ సహాయం వీలైనంత త్వరగా చేరేలా చూడటమే సరైనది.

ఆక్సిజన్ అందగానే నొప్పి తగ్గడం తరచూ జరుగుతుంది, అక్కడే మోసపోతాం. లక్షణాలు పోయినంత మాత్రాన బుడగలు పోయినట్టు కాదు. హైపర్‌బారిక్ చాంబర్ (ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే గది) చికిత్స అవసరమా అన్నది ఈ రంగం తెలిసిన వైద్యులే తేల్చాలి. బాధితుణ్ణి మళ్లీ నీటిలోకి దించి సరిచేసే ప్రయత్నం చేయకూడదు, వైద్యుని అనుమతి లేకుండా విమానం ఎక్కనివ్వకూడదు. 1980లో మొదలైన డైవింగ్ భద్రతా సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అత్యవసర ఫోన్ సలహా ఇస్తుంది. దానికన్నా ముందు స్థానిక అత్యవసర సేవలకు కబురు చేయాలి. లక్షణాలు మొదలైన సమయం, ఆక్సిజన్ పెట్టిన సమయం, డైవ్ లోతు, వ్యవధి రాసి పెట్టి, లోతు, సమయం నమోదు చేసే డైవ్ కంప్యూటర్‌ను బాధితునితో పాటే పంపాలి.

శిక్షణను ఎంచుకునేటప్పుడు సిలిండర్, పీడనాన్ని తగ్గించే రెగ్యులేటర్, మాస్కులను మీ చేత్తో విప్పి, అమర్చి, మరొకరి ముఖానికి తగిలించే అభ్యాసం ఉన్నదాన్నే తీసుకోండి. తెర మీద చూసి నేర్చుకున్నది ఊగే పడవ మీద చేతికి అందదు. సర్టిఫికెట్ గడువు లోపే అభ్యాసాన్ని తిరిగి చేసుకోవాలి, ఎందుకంటే వాడని నైపుణ్యం త్వరగా మరుపు పడుతుంది. ప్రతి ప్రయాణానికి ముందు పెట్టె తెరిచి, గేజ్‌లో పీడనం, రెగ్యులేటర్ వాషర్, మాస్కుల రబ్బరు స్థితి చూసి, తనిఖీ అయ్యాక వాల్వ్ మూసి, గొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను వదిలేసి, ఆ పెట్టె ఎక్కడుందో పడవలోని ప్రతి ఒక్కరికీ చూపించండి.