ముక్కు మూసుకుని జీలకర్ర తినండి: రుచిలో నాలుక వాటా ఎంతో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

ఏ స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి వెళ్లినా ఒక చార్టు కచ్చితంగా కనిపిస్తుంది. గులాబీ రంగు నాలుక బొమ్మ, కొసన తీపి, పక్కల ఉప్పు, ఆ వెనక పులుపు, అట్టడుగున చేదు. అది తప్పని ఎంత మొత్తుకున్నా ఏటా కొత్త స్కెచ్ పెన్నులతో మళ్లీ తయారవుతూనే ఉంటుంది. పక్క టేబుల్ మీద ఇంకో ఘోరం. కళ్లకు గంతలు కట్టిన పిల్లాడికి ఆపిల్ ముక్క, బంగాళదుంప ముక్క, ఉల్లిపాయ ముక్క వరసగా పెట్టి, ముక్కు మూస్తే మూడూ ఒకేలా ఉన్నాయని వాడితో అనిపిస్తుంటారు. వాడు ఉల్లిపాయ నమిలి, కళ్లల్లో నీళ్లు కారుతున్నా సార్ చూస్తున్నారు కదా అని "అవును సార్, ఒకేలా ఉన్నాయి" అంటాడు. దాన్ని ప్రయోగం అనరు. సరిగ్గా చేస్తే ఇది పది పదిహేను నిమిషాల పని, ఎవరూ ఎవరికోసమూ అబద్ధం చెప్పక్కర్లేదు.

కావాల్సినవి: చక్కెర, పచ్చి జీలకర్ర, ఉప్పు, నాలుగు చిన్న చెంచాలు, ఇయర్ బడ్స్, అద్దం, ఫోన్ టార్చి, కేకుల్లో వేసే నీలం ఫుడ్ కలర్ ఒక చుక్క, తాగడానికి నీళ్లు. ఇంకో మనిషి కూడా కావాలి, ఎందుకంటే ఏ చెంచాలో ఏముందో తినేవాళ్లకు తెలియకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలతో చేయించొద్దు. జలుబుగా ఉన్నవాళ్లు వారం ఆగండి. ఒక ముక్కుపుటం కొంచెం మూసుకుపోయినట్టు అనిపిస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు. లోపల పక్కగోడలకు టర్బినేట్లని చుట్టలు తిరిగిన ఎముకలు ఉంటాయి, వాటిని కప్పిన పొర కొన్ని గంటలు ఒకవైపు, కొన్ని గంటలు ఇంకోవైపు ఉబ్బుతూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఇది మామూలే.

ముందు నాలుక చూడండి

నోరు పుక్కిలించి, నాలుక బయటపెట్టి, ఇయర్ బడ్‌తో నీలం రంగు ముందు భాగానికి పల్చగా రాయండి. మళ్లీ ఒకసారి నీళ్లు పోసుకుని ఉమ్మేసి, టార్చి వేసి అద్దంలో చూడండి. నాలుకంతా నీలం అవుతుంది కానీ మధ్య మధ్యలో గులాబీ చుక్కలు గుండ్రంగా పైకి తేలి కనిపిస్తాయి, కొస దగ్గర ఎక్కువగా ఉంటాయి. అవి ఫంగీఫామ్ పాపిల్లేలు. రుచి మొగ్గలు వాటిలో ఉంటాయి. చుట్టూ రంగు పట్టిన నూగు లాంటిది ఫిలీఫామ్ పాపిల్లేలు. నాలుక గరుకుగా ఉండటానికి కారణం ఇవే, కానీ వీటిలో రుచి మొగ్గలు ఉండవు. అంటే నాలుక మీద మనం చూసే చుక్కలన్నీ రుచి మొగ్గలు కావు, అసలు రుచి మొగ్గ కంటికి కనిపించేంత పెద్దదే కాదు.

నాలుక బాగా వెనక, ఇంగ్లిష్ వి అక్షరం ఆకారంలో, సుమారు 8 నుంచి 12 పెద్ద గుండ్రటి బొడిపెలు ఉంటాయి. అద్దంలో ఒకటీ రెండూ కనిపిస్తే చాలు. అన్నీ చూడాలని చెంచాతో నాలుక నొక్కొద్దు, వాంతి అవుతుంది. వీటిని చూసి గొంతులో గడ్డలు వచ్చాయని రాత్రంతా టెన్షన్ పడేవాళ్లుంటారు. అవి అందరికీ ఉంటాయి.

ఆ చార్టు సంగతి ఇప్పుడే తేల్చేయండి. ఉప్పునీళ్లలో ముంచిన ఇయర్ బడ్‌ను నాలుక కొసకు తాకించండి. ఉప్పగా ఉంటుంది. పుక్కిలించి కుడి అంచుకు, తర్వాత వెనక్కి. అక్కడా ఉప్పే. చక్కెర నీళ్లతో కూడా అంతే. 1901లో జర్మనీలో హేనిగ్ అనే ఆయన నాలుక అంచుల మీద ఎక్కడ ఏ రుచి కొంచెం తక్కువ మోతాదుకే తెలుస్తుందో కొలిచాడు. ఆయన చూసినవి చాలా చిన్న తేడాలు. 1942లో ఎడ్విన్ బోరింగ్ తన పుస్తకంలో వాటిని గ్రాఫుగా గీస్తే, చదివినవాళ్లు తేడా తక్కువని కాకుండా మిగతా చోట్ల రుచే లేదని అర్థం చేసుకున్నారు. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్లీ కొలిచి తేడాలు స్వల్పమేనని చూపించింది. చార్టు మాత్రం గోడ దిగలేదు.

చెంచాలు సిద్ధం చేయడం

జీలకర్రను మిక్సీలో మెత్తగా, పంటికి తగలకుండా పొడి చేయండి. వేయించకూడదు. వేయిస్తే వాసన గది అంతా పట్టుకుంటుంది, తినేవాళ్లకు ముందే తెలిసిపోతుంది. చక్కెరను విడిగా పొడి చేసుకోండి. రెండు చెంచాల్లో చక్కెర పొడి మాత్రమే, రెండు చెంచాల్లో చక్కెర పొడిలో రెండు చిటికెల జీలకర్ర పొడి. అన్నింటిలో నాలుగైదు చుక్కల నీళ్లు వేసి ముద్ద చేయండి. ముద్ద చేయకుండా పొడిగానే పెడితే, ముక్కు మూసుకుని నోటితో గాలి పీల్చినప్పుడు గొంతులోకి పోయి దగ్గు వస్తుంది. అదీకాక తడి లేకపోతే నాలుకకు రుచి సరిగ్గా అందదు.

జీలకర్రే ఎందుకు, యాలకులు వాడకూడదా అని అడుగుతారు. వాడకూడదు. యాలకులు నోట్లో చల్లగా తగులుతాయి, దాల్చిన చెక్క మంటగా తగులుతుంది, సోంపులో దాని సొంత తీపి ఉంటుంది. ముక్కు మూసినా ఇవన్నీ గుట్టు విప్పేస్తాయి. జీలకర్ర కాస్త చేదు తప్ప మిగతాదంతా వాసనే. చక్కెర బదులు బెల్లం కూడా వద్దు, బెల్లానికి దాని వాసన దానికుంది. జీలకర్ర, బెల్లం కలిపి పెళ్లిలో నెత్తిన పెట్టుకోవడానికి బాగుంటుంది, ఇక్కడ పనికిరాదు. ఆపిల్, బంగాళదుంప పద్ధతితో అసలు తంటా ఏమిటంటే, ఒకటి రసంగా నలుగుతుంది, ఇంకోటి పచ్చి పిండిలా తగులుతుంది, పళ్లే చెప్పేస్తాయి ఏది ఏదో. ముక్కు గురించి తెలుసుకోవాలంటే పళ్లకు పని లేకుండా చేయాలి.

ఇప్పుడు అసలు పని: ముక్కు మూయడం

నూటికి తొంభై మంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ముక్కు ఎక్కడ పట్టుకోవాలి? పైన గట్టిగా ఉండేది ఎముక, కళ్లజోడు ఆనే చోటు. అక్కడ ఎంత నొక్కినా గాలి ఆగదు. చాలామంది పిల్లలు అక్కడే పట్టుకుని "మూశాను సార్" అంటారు. వేళ్లు కిందికి జరపండి, ఎముక అయిపోయి మెత్తగా కదిలే భాగం వస్తుంది. ఆ రెండు పుటాలూ మధ్య గోడకు ఆనేట్టు బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకోండి. పట్టుకున్నాక "మ్" అనడానికి ప్రయత్నించండి. శబ్దం సాగకుండా ఆగిపోతే సరిగ్గా మూసినట్టు, సాగుతుంటే ఎక్కడో గాలి పోతోంది. బట్టల క్లిప్పు పెట్టే మహానుభావులున్నారు, వద్దు, నొప్పి మీదకు ధ్యాస పోయాక రుచి ఎవడికి కావాలి.

ఏ చేత్తో పట్టుకోవాలి? జీలకర్ర ముట్టని చేత్తో. ఇది చిన్న విషయం అనుకుంటారు. పొడి కలిపిన వేళ్లు తెచ్చి ముక్కు రంధ్రాల మీదే పెడితే ఇక దాచడానికేముంది? చెంచాలు కలిపేవాళ్లు వేరు, తినేవాళ్లు వేరుగా ఉండాలనడం ఇందుకే. తినేవాళ్లు ముందే సబ్బుతో, వాసన లేని సబ్బు ఉంటే దానితో, చేతులు కడుక్కుని కళ్లు మూసుకుని కూర్చోవాలి.

ఎప్పుడు మూయాలి? చెంచా ముఖం దగ్గరకు రాకముందే. నోట్లో పెట్టాక ముక్కు మూస్తే అప్పటికే వాసన లోపలికి పోయింది, ప్రయోగం అయిపోయింది. వరస ఇది: నిండుగా గాలి పీల్చుకోవాలి, ముక్కు మూయాలి, "ఊ" అన్నట్టు తల ఊపాలి, అప్పుడు రెండో మనిషి చెంచా నోటికి అందించాలి. పెదాలు మూసి, ముద్దను నాలుక మీద అటూ ఇటూ తిప్పాలి. ఐదారు సెకన్లు చాలు. మింగకూడదు, మాట్లాడకూడదు. తీపి అయితే ఒక వేలు, ఉప్పు అయితే రెండు, ఇంకేదైనా తెలిస్తే మూడు వేళ్లు చూపించమనండి.

జీలకర్ర ఉన్న చెంచాకు కూడా చాలామంది ఒక వేలే చూపిస్తారు. కొందరు ఏదో కొంచెం చేదు ఉందన్నట్టు మొహం పెడతారు, అది నిజమే, ఆ చేదు నాలుకదే.

ఇక ముక్కు వదలాలి. ఇక్కడ కూడా తొందరపడి పాడుచేస్తారు. వదలగానే అందరూ గాలి పీలుస్తారు, అలవాటు కదా. పీలిస్తే ముక్కులోకి వచ్చేది గదిలోని గాలి, నోట్లోది కాదు. పెదాలు మూసే ఉంచి, ముక్కు వదిలి, లోపల పట్టుకున్న గాలిని మెల్లగా ముక్కులోంచి బయటకు వదలాలి. మొదట్లో నిండుగా పీల్చుకోమన్నది ఇందుకే. ఆ గాలి గొంతు వెనకగా, కొండనాలుక దాటి పైకి పోతూ నోట్లో ఉన్న జీలకర్ర వాసనను మోసుకెళ్తుంది. అదే సమయంలో ముద్ద మింగితే ఇంకా గట్టిగా తెలుస్తుంది.

ఆ క్షణంలో పిల్లల మొహం చూడాలి. అప్పటిదాకా "తీపి, అంతే" అన్నట్టున్న వాళ్లు ఒక్కసారి కనుబొమ్మలు పైకెత్తుతారు. "సార్, నోట్లోకి జీలకర్ర వచ్చింది" అంటారు. నోట్లోకి రాలేదు, ముందునుంచీ అక్కడే ఉంది. వాసన తెలిసేది ముక్కులో అయినా మెదడు దాన్ని నోట్లో ఉన్నట్టే లెక్కవేస్తుంది. మనం పప్పు రుచి, పులిహోర రుచి అనే దాంట్లో ఎక్కువ భాగం ఇలా వెనక దారిన ముక్కుకు చేరిన వాసనే.

ఒక్క చెంచాతో ఆపేయకండి. నాలుగు చెంచాలూ వరస మార్చి పెట్టాలి, మధ్యలో నీళ్లతో పుక్కిలించి ఒక నిమిషం ఆగాలి. జీలకర్ర లేని చెంచాలు తప్పనిసరి. అవి లేకపోతే రెండో పిల్లాడి నుంచి అందరూ మూసిన ముక్కుతోనే "జీలకర్ర" అని ఊహించి చెప్పేస్తారు, వాడికి నిజంగా తెలిసిందో పక్కవాడిది విన్నాడో మీకు తేలదు.

వాసన తెలిసేది ఎక్కడ?

ముక్కు రంధ్రాల దగ్గర కాదు. బాగా పైన, రెండు కళ్ల మధ్య లోపలి వైపు, కప్పు భాగంలో. ఒక్కో వైపు తపాలా బిళ్లంత పొర. దానిలోని నాడీ కణాల పోగులు పైనున్న జల్లెడ లాంటి సన్నని ఎముక రంధ్రాల గుండా నేరుగా మెదడులోకి వెళ్తాయి. నాలుకకు తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం పులుసులో తగిలే లాంటి కమ్మదనం) అని లెక్క ఐదు దగ్గర ఆగుతుంది. ఉమామిని 1908లో జపాన్‌లో ఇకెడా సముద్రపు నాచు పులుసు నుంచి గుర్తించాడు. ముక్కులో మనిషికి వాసనలను పట్టుకునే గ్రాహకాలు దాదాపు 400 రకాలు ఉన్నాయి. వాటి జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ బయటపెట్టారు, 2004లో వాళ్లకు నోబెల్ వచ్చింది. జలుబు చేస్తే అన్నం గడ్డిలా ఉంటుంది అంటాం కదా, అప్పుడు నాలుక బాగానే ఉంటుంది. కూరలో ఉప్పు ఎక్కువైతే జలుబులోనూ తెలుస్తుంది, తిరగమోత వాసనే తెలియదు.

మరి కారం సంగతి?

ఇదీ తప్పకుండా అడుగుతారు, ముఖ్యంగా ఉగాది పచ్చడి గుర్తొచ్చినవాళ్లు. షడ్రుచుల్లో తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుక లెక్కలోవే. కారం మాత్రం రుచి మొగ్గల పని కాదు, అది మంటను, నొప్పిని మోసే నాడులది. మిరపలోని క్యాప్సైసిన్ పట్టుకునే గ్రాహకం వేడినీళ్లకూ స్పందించేదే. 1997లో డేవిడ్ జూలియస్ దాన్ని కనిపెట్టాడు, 2021లో నోబెల్ అందుకున్నాడు. వగరు కూడా ప్రధానంగా స్పర్శే, పిందె మామిడి కొరికితే లాలాజలంలో జారుడుతనం పోయి నోరు పట్టేసినట్టు అవుతుంది. కారం రుచి కాదంటే గుంటూరు వాళ్లు ఊరుకోరని తెలుసు, అయినా చేసి చూపించొచ్చు: ముక్కు మూసుకుని చక్కెరలో అతికొద్దిగా కారప్పొడి కలిపిన ముద్ద పెడితే మంట వెంటనే తెలుస్తుంది, వదిలాక మిరప వాసన తర్వాత వస్తుంది. పెద్దవాళ్లతో మాత్రమే చేయండి, అన్నింటికంటే చివర్లో చేయండి, కారం ముట్టిన చేత్తో ముక్కు పట్టుకున్నా, కన్ను నలుపుకున్నా తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

నాలుక మీది నీలం రంగు గీకక్కర్లేదు, నాలుగు ముద్దలు అన్నం తింటే చాలావరకు పోతుంది. జలుబు లేకపోయినా ముక్కు వదిలాక ఎవరికైనా జీలకర్ర అసలు తెలియకపోతే, పొడి ఇంకో చిటికెడు పెంచి మర్నాడు మళ్లీ చేయించండి. అప్పుడూ తెలియక, ఇంట్లో కాఫీ, అగరబత్తి వాసనలు కూడా అందడం లేదంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.