మన వీధి విత్తనం – 3వ పాఠం: గుమ్మడి పువ్వుకు దారం కట్టడం

ఇంట్లోనే విత్తనం తీసుకునే ఈ పాఠాల్లో చిక్కుడు, టమాటా అయిపోయాయి. అవి చాలావరకు తమ పువ్వులో తామే పరాగసంపర్కం జరుపుకుంటాయి కాబట్టి మనకు పెద్దగా పనిలేదు. గుమ్మడి అలా కాదు. మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు, మధ్యలో తేనెటీగ, అది నాలుగిళ్ల అవతలి పాదు నుంచి కూడా పుప్పొడి మోసుకొస్తుంది. రకం మారకుండా విత్తనం కావాలంటే పువ్వును దారంతో కట్టి, పుప్పొడి మనమే రాయాలి.

ముందు ఒక అపోహ. కాకర పక్కన పెడితే దోసకాయ చేదవుతుందంటారు. కాదు, ఆ రెండూ అసలు కలవవు. గుమ్మడి, సొర కూడా అంతే. కలిసేది ఒకే జాతిలోని రకాలు, ఆ కలయిక కూడా ఈసారి కాయలో కనబడదు, లోపలి గింజలోకి వెళ్లి ఆ గింజ వేసినప్పుడే బయటపడుతుంది. అందుకే రకం మారిపోయిందని ఒక పంట ఆలస్యంగా తెలుస్తుంది. గుమ్మడి, సొర, దోస కాయ ముక్క నాలుక మీద పెట్టగానే చేదనిపిస్తే మాత్రం ఉమ్మేయండి, వండొద్దు, దాని గింజ ఎవరికీ ఇవ్వొద్దు. ఆ చేదు విషం.

ఇక పని. సాయంత్రం పాదు దగ్గరికెళ్తే రేపు విచ్చుకునే మొగ్గలు తెలిసిపోతాయి: కొస పసుపు తిరిగి ఉంటుంది, ఇంకా విడిపోదు. కింద పిందె ఉన్నది ఆడది, సన్నటి కాడ మీద నిలబడ్డది మగది. ఒక ఆడ మొగ్గ, రెండు మగ మొగ్గలు (వీలైతే వేరే పాదువి) కొసల దగ్గర దారంతో కట్టేయండి. తెల్లారి ఎండెక్కకముందే మగ పువ్వులు కోసి, రేకులు తుంచేసి, ఆడ పువ్వు ముడి విప్పి, మధ్యలోని కీలాగ్రం (పుప్పొడి అంటుకునే భాగం) మీద అన్ని వైపులా పుప్పొడి రాసి వెంటనే మళ్లీ కట్టాలి. ఈలోపు తేనెటీగ దూరిందా, ఆ పువ్వును వదిలేసి ఇంకోటి చూసుకోండి. కాడకు రంగు దారం తప్పనిసరి, లేకపోతే ఏ కాయో ఎవరికీ గుర్తుండదు. సొర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటికి వేళ మార్చుకోవాలి.

కాయ తీగ మీదే బాగా ముదరాలి. గోరు దిగనంత గట్టిపడ్డాక కోసి, ఇంకో మూడు నాలుగు వారాలు నీడలో ఉంచితే గింజ నిండుతుంది.

ఇదంతా ఒక్కరే చేస్తే మాత్రం చాలదు. ఒకే కాయ గింజల్నే ఏటా వేసుకుంటూ పోతే రకంలోని వైవిధ్యం తగ్గిపోతుంది. అందుకే నా సలహా, చుట్టుపక్కల ఇళ్లన్నీ మాట్లాడుకుని ఒకే రకం గుమ్మడి వేసుకోండి. అప్పుడు దారంతో పనే ఉండదు, తేనెటీగలే మన పాదులన్నిటినీ కలుపుతాయి. బూడిద తెగులుకు ముందే లొంగిన పాదును, నీళ్లు కాస్త తగ్గగానే వాడిపోయే పాదును పూత రాకముందే పీకేయండి, దాని పుప్పొడి కూడా అందరికీ అంటుతుంది మరి. మనసొప్పదు, నాకు తెలుసు, అయినా పీకాలి. మన నేలకు తగ్గ విత్తనం తయారయ్యేది ఈ ఏరివేతలోనే.

మంచి కాయ తినేసి మిగిలింది విత్తనానికి వదలడం చాలా ఇళ్లలో అలవాటు. తిరగేయండి. బాగా కాసిన పాదులో మొదట నిలిచిన మంచి కాయను విత్తనానికి ఉంచి, మిగతావి వండుకోండి. ఇంటికో కాయ చొప్పున తెచ్చి, గింజలన్నీ ఒకచోట కలిపి, పొట్లం మీద రకం పేరు, సంవత్సరం రాసి మళ్లీ పంచుకోండి.

వచ్చే పాఠం గింజల ఆరబెట్టుడు, నిల్వ. అప్పటిదాకా పాత గింజలు పది తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరిపోకుండా చూస్తూ, వారం తర్వాత ఎన్ని మొలిచాయో రాసిపెట్టుకోండి. ఆ లెక్కతోనే మొదలుపెడతాం.