గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి కొత్త తెర వేసేముందు పాత స్విచ్ కడగండి

నింటెండో చేతి గేమ్ కన్సోల్ గేమ్‌బాయ్ అడ్వాన్స్ అభిమానులు ఏ ఇద్దరు కలిసినా కోరికల చిట్టా ఒకటే. తెర వెనక లైటు ఉంటే బాగుండేది. చార్జింగ్ ఉంటే బాగుండేది. సౌండ్ కాస్త శుభ్రంగా వస్తే బాగుండేది. ఇంకో రెండు బటన్లు ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేది. వీటిలో కొన్ని ఇవాళ మన చేతులతోనే తీర్చుకోవచ్చు, కొన్నిటి జోలికి పోకపోవడమే మేలు. ఈ కన్సోల్స్ విప్పి బిగించే పని నాకు బాగా అలవాటు. అందరూ తెరతో మొదలుపెడతారు, నేను మాత్రం పవర్ స్విచ్‌తో మొదలుపెడతాను. కొత్త తెర కిట్ వేశాక వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది.

2001లో ఈ కన్సోల్ వచ్చినప్పుడు తెర 2.9 అంగుళాలు, 240×160 పిక్సెళ్లు. రంగులకు లోటు లేదు, లోటల్లా వెలుగుకే. లైటు పెట్టలేదు కాబట్టే రెండు ఏఏ బ్యాటరీలతో సుమారు 15 గంటలు నడిచేది. దానితోపాటే విడుదలైన క్యాసిల్‌వేనియా: సర్కిల్ ఆఫ్ ద మూన్ లాంటి చీకటి గేమ్‌ని దీపం కిందకు వంగి ఆడినవాళ్లకు ఆ బాధేంటో తెలుసు. 2003లో దీని తర్వాతి మోడల్ ఎస్‌పీ వచ్చింది. ముందు లైటు, లోపల లిథియం బ్యాటరీ ఇచ్చారు కానీ హెడ్‌ఫోన్ రంధ్రం తీసేశారు. 2005లో అదే ఎస్‌పీకి నిజమైన బ్యాక్‌లైట్ వచ్చింది. అదే ఏడాది వచ్చిన చివరి మోడల్ మైక్రోకి చక్కని తెర ఉంది కానీ అది రెండంగుళాలే, పైగా పాత గేమ్‌బాయ్ క్యాట్రిడ్జ్‌లు (గేమ్ ఉండే ప్లాస్టిక్ బిళ్లలు) పట్టవు. మొదటి మోడల్ చేతికి ఇచ్చే సుఖం, చివరి మోడల్ కంటికి ఇచ్చే సుఖం ఒకే డబ్బాలో కంపెనీ ఎప్పుడూ ఇవ్వలేదు. ఇప్పుడు మనం చేయబోయేది అదే.

విప్పడం

బ్యాటరీలు, క్యాట్రిడ్జ్ తీసేయండి. వెనక ఉన్న స్క్రూలు మూడు రెక్కల వై ఆకారంలో ఉంటాయి, బ్యాటరీ గదిలోది మాత్రం మామూలు ప్లస్ స్క్రూ. వై స్క్రూలను ఏదో చిన్న మైనస్ స్క్రూడ్రైవర్‌తో తిప్పేద్దామనుకోకండి. తల అరిగిపోతే ఆ తర్వాత డ్రిల్లే గతి. సరైన బిట్ కొనుక్కోండి.

వెనక షెల్ (ప్లాస్టిక్ డొప్ప) ఎత్తేటప్పుడు నిదానం. ఎల్, ఆర్ బటన్లు ఒక్కోదానిలో సన్నని ఇనుప పుల్ల, దాని చుట్టూ అంతకన్నా సన్నని స్ప్రింగ్ ఉంటాయి. ఆ స్ప్రింగ్ ఎగిరిందంటే మళ్లీ కనబడదు. నేను తెల్లటి ట్రేలోనే విప్పుతాను, స్ప్రింగ్ ఏ దిక్కున ఆనుకుని ఉందో ఫోన్‌తో ఫోటో తీసిపెట్టుకుంటాను. బిగించేటప్పుడు ఆ ఫోటో చూడకుండా ఎల్ బటన్ సరిగ్గా కూర్చోబెట్టగలిగితే మీకో దండం.

తెర రిబ్బన్ కేబుల్ బోర్డుకు అతుక్కునే చోట రెండు వైపులా చిన్న లాకులు ఉంటాయి. రెండూ సమానంగా కొద్దిగా, ఒక మిల్లీమీటరో రెండో, బయటికి జరిపితే చాలు. లాక్ జరపకుండా రిబ్బన్‌ని లాగకండి.

ముందు కరెంటు దారి

పాత తెరకు లైటు లేదు కాబట్టి అది తినే కరెంటు తక్కువ. కొత్త ఐపీఎస్ తెర (కిట్‌లో వచ్చే ఆధునిక ఎల్‌సీడీ రకం) బ్యాక్‌లైట్‌తో కలిపి దానికన్నా చాలా ఎక్కువ లాగుతుంది. పాతికేళ్ల స్విచ్‌లో లోపలి రాగి రేకులు నల్లబడి ఉంటాయి, అంటే దారిలో కొంత రెసిస్టెన్స్ చేరిందన్నమాట. ఉదాహరణకు స్విచ్‌లో 1 ఓమ్ ఉందనుకోండి. 100 మిల్లీఆంపియర్లు పారితే అక్కడ 0.1 వోల్టు పోతుంది. అదే స్విచ్ గుండా 250 పారితే 0.25 వోల్టు పోతుంది. పాత తెరతో బ్రహ్మాండంగా నడిచిన కన్సోల్, కొత్త తెర పెట్టగానే లోగో చూపించి ఆరిపోవడానికి కారణం ఇదే. బ్యాటరీ అయిపోతోందనే ఎర్ర లైటు వస్తుంది, వెలుగు పెంచగానే రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు కిట్ పాడైందని తిట్టుకుని వెనక్కి పంపేస్తారు. కిట్ తప్పేమీ ఉండదు.

శుభ్రం చేయడం తేలికే. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు స్విచ్ సందులో వేసి, ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అని ఒక నిమిషం పాటు ఆడించండి. ఆరాక ఇంకోసారి. బ్యాటరీ కాంటాక్టుల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే అది పాత ఆల్కలైన్ బ్యాటరీ కారిన గుర్తు. క్షారం కాబట్టి దూదిపుల్లకు కొంచెం వెనిగర్ తడిపి రుద్దితే విరిగిపోతుంది. ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడవడం మరవద్దు, వెనిగర్ అలాగే ఉండిపోతే అదీ లోహాన్ని తింటుంది.

పని అయిందో లేదో కంటితో చూసి చెప్పలేం, మల్టీమీటర్ చెబుతుంది. బోర్డును వెనక షెల్‌లో కూర్చోబెట్టి, బ్యాటరీలు వేసి, కన్సోల్ ఆన్ చేయండి. మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక మొనను స్విచ్‌లోకి కరెంటు వచ్చే కాలు మీద, రెండోదాన్ని కరెంటు బయటికి పోయే కాలు మీద ఆనించండి. సున్నాకు దగ్గరగా చూపిస్తే మంచిది. 0.05 దాకా నేను వదిలేస్తాను. 0.2, 0.3 చూపిస్తుంటే మళ్లీ కడగాలి, లేదంటే స్విచ్ మార్చాలి. ఈ పరీక్ష కొత్త తెర తగిలించాక ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఇంకోసారి చేయండి, అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది.

తెర

కొనేటప్పుడు నేను చూసేవి మూడు. ప్యానెల్ 720×480 అయితే పాత 240×160కి సరిగ్గా మూడింతలు, ప్రతి పిక్సెల్ మూడు బై మూడు గడిలో కూర్చుంటుంది, బొమ్మ ఎక్కడా సాగదు. ఇది కుదరని ప్యానెల్‌లో అక్షరాల అంచులు ఒకచోట మందంగా, ఒకచోట సన్నగా కనిపిస్తాయి. రెండోది, ప్యానెల్, గాజు ముందే అతికించి వచ్చే ల్యామినేటెడ్ రకం. విడిగా వచ్చే రకం తీసుకుంటే మధ్యలో ధూళి రేణువు ఒకటి చేరుతుంది, అదీ సరిగ్గా తెర నడిమధ్యలో. మూడోది, 32 పిన్నుల రిబ్బన్, 40 పిన్నుల రిబ్బన్ రెండూ పెట్టెలో ఉండాలి. బోర్డులు రెండు రకాలుగా ఉన్నాయి, మీది ఏ రకమో విప్పితేగానీ తెలియకపోవచ్చు.

పాత షెల్‌లోనే పెట్టాలనుకుంటే తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గట్లు కొన్ని కత్తిరించాలి. కిట్ కాగితంలో బొమ్మ ఉంటుంది. ఫ్లష్ కట్టర్‌తో కొంచెం కొంచెంగా కొరికి, మధ్యమధ్యలో ప్యానెల్ పెట్టి చూసుకోండి. మిగిలిన గట్టు మూల ప్యానెల్‌ని నొక్కితే తెర ఆ మూలన తెల్లటి మచ్చ కనిపిస్తుంది. కోత ఇష్టం లేకపోతే ఐపీఎస్ కోసమే పోసిన కొత్త షెల్స్ దొరుకుతాయి. కానీ వాటిలో ఒక మెలిక ఉంది. క్యాట్రిడ్జ్ గాడిలో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. పాత గేమ్‌బాయ్ క్యాట్రిడ్జ్ ఆకారం దాన్ని నొక్కుతుంది, అప్పుడు కన్సోల్ 5 వోల్టులకు మారి పాత గేమ్‌బాయ్‌లా నడుస్తుంది. అడ్వాన్స్ క్యాట్రిడ్జ్ దాన్ని నొక్కదు, 3.3 వోల్టులే అందుతాయి. నాసిరకం షెల్‌లో గాడి అర మిల్లీమీటరు పక్కకు పోయినా ఈ ఏర్పాటు తప్పుతుంది. అందుకే పూర్తిగా బిగించకముందే రెండు రకాల క్యాట్రిడ్జ్‌లూ పెట్టి చూడండి.

రిబ్బన్ గుచ్చి, లాకులు మూసి, ప్యానెల్ వెనక ఇన్సులేషన్ షీట్ అంటించి, బోర్డును ఇంకా స్క్రూ చేయకుండానే ఆన్ చేయండి. బొమ్మ వెలుగుతుండగానే ప్యానెల్‌ని షెల్‌లో తెర కనిపించే రంధ్రం అంచులకు సమానంగా జరిపి సరిచూసుకోవాలి. ఆరిపోయిన తెర నల్లగా ఉంటుంది, వంకర అప్పుడు తెలియదు. స్క్రూలు బిగించేటప్పుడు చేతికి బిగుతుగా తగిలిన చోట ఆపేయండి.

బ్రైట్‌నెస్ మార్చడానికి కొన్ని కిట్‌లకు టచ్ సెన్సర్ ఉంటుంది, షెల్ లోపల అంటిస్తే చాలు. ఇంకొన్నిటికి సెలెక్ట్, ఎల్, ఆర్ పాయింట్లకు మూడు సన్నని వైర్లు సోల్డర్ చేయాలి. నాకు వైర్లే ఇష్టం. టచ్ సెన్సర్ ఆటలో వేలు తగిలి తనంతట తానే వెలుగు మార్చేస్తుంది. సోల్డరింగ్ కొత్తయితే ముందు ఏదైనా పనికిరాని బోర్డు మీద చేయి తిప్పుకోండి, ఐరన్ మొనను ఒక్కో పాయింట్ మీద రెండు మూడు సెకన్లకు మించి ఉంచకండి.

బ్యాటరీ

చార్జింగ్ కోరిక తీరడానికి తిన్నని దారి నికెల్ మెటల్ హైడ్రైడ్ ఏఏ సెల్స్. ఒక్కోటి 1.2 వోల్టులే, ఆల్కలైన్ 1.5 కదా అని సందేహం వస్తుంది. కానీ ఎక్కువ కరెంటు లాగినప్పుడు ఆల్కలైన్ వోల్టేజ్ త్వరగా కుంగుతుంది, ఇవి నిలకడగా ఉంటాయి. ఒక్కటే ఇబ్బంది, చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతాయి. ఎర్ర లైటు వచ్చాక సేవ్ చేసుకోవడానికి పెద్దగా టైమ్ దొరకదు. మొత్తం 2.4 వోల్టులతోనే నడపాలి కాబట్టి స్విచ్‌లో పోయే పావు వోల్టు ఇక్కడ ఇంకా బరువవుతుంది.

1.5 వోల్టుల లిథియం రీచార్జబుల్ ఏఏలు కూడా ఉన్నాయి. లోపల చిన్న కన్వర్టర్ సర్క్యూట్ ఉంటుంది, కొన్ని బ్రాండ్లలో దాని కీచుశబ్దం స్పీకర్‌లో వినబడుతుంది. 14500 అనే సెల్స్ మాత్రం అచ్చం ఏఏ సైజులోనే ఉంటాయి, కానీ ఒక్కోటి 3.7 వోల్టులు. రెండు వేస్తే 7.4. పొరపాటున కూడా వేయొద్దు. లిథియం ప్యాక్, యూఎస్‌బీ-సీ పోర్ట్ పెట్టే కిట్‌లు తీసుకుంటే సెల్‌కి రక్షణ సర్క్యూట్ ఉందో లేదో, షెల్‌లో ప్యాక్ ఎక్కడా నలగకుండా కూర్చుంటుందో లేదో చూసుకోండి. ఈ రెండిటిలో ఏది తేడా ఉన్నా నేను ఏఏలతోనే సరిపెట్టుకుంటాను.

సౌండ్, బటన్లు, మిగతా ఆశలు

శబ్దం పెంచే ఆంప్లిఫయర్ కిట్‌ల మీద నాకు గొప్ప నమ్మకం లేదు. ఈ కన్సోల్‌లో రికార్డెడ్ శబ్దాలు రెండు 8-బిట్ చానళ్ల నుంచి వస్తాయి, ఆ 'స్స్' అనే సొద దాని పుట్టుకలోనే ఉంది. ఆంప్లిఫయర్ సంగీతంతోపాటు సొదనూ పెంచుతుంది, బ్యాటరీనీ తింటుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. స్పీకర్ పగిలినట్టు మోగుతుంటే కొత్తది వేయండి, మంచి శబ్దం కావాలంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటి మోడల్‌కి ఆ రంధ్రం ఉండనే ఉంది.

బటన్లు మెత్తబడితే కొత్త సిలికాన్ మెంబ్రేన్ కొనేముందు పాతదాన్ని సబ్బునీళ్లతో కడిగి, బోర్డు మీది నల్లటి కాంటాక్టులను ఆల్కహాల్‌తో తుడిచి చూడండి. చాలాసార్లు అంతే సరిపోతుంది.

ఇక మొదట్లో చెప్పిన ఆ ఇంకో రెండు బటన్లు, ఎక్స్, వై. హార్డ్‌వేర్ చదివేది పది మీటలనే: ఏ, బి, సెలెక్ట్, స్టార్ట్, నాలుగు దిక్కులు, ఎల్, ఆర్. కొత్త బటన్ పెట్టినా అది ఈ పదిలో ఒకదానికి నకలే అవుతుంది. ప్రాసెసర్‌ని వేగంగా నడపాలన్న కోరిక కూడా అంతే. 16.78 మెగాహెర్ట్జ్ క్లాక్ మీదే ఆట, పాట, లింక్ కేబుల్ టైమింగ్ అన్నీ ఆధారపడి ఉన్నాయి. దాన్ని పెంచితే పాట శ్రుతి కూడా పైకి పోతుంది.

బిగించాక వెలుగు ఫుల్‌గా, సౌండ్ ఫుల్‌గా పెట్టి ఒక గంట ఆడండి. ఆటలో బొమ్మ పక్కకు జరుగుతున్నప్పుడు అడ్డంగా చీలినట్టు గీత కనిపిస్తే అది తెర డ్రైవర్ బోర్డు లోపం, మీ పనితనం కాదు. సెకనుకు సుమారు 59.73 ఫ్రేములు పంపే కన్సోల్‌తో ఆ బోర్డు తాళం కలపడం లేదన్నమాట. నీడలు, పొగలు మినుకుమినుకుమంటే అది ఏ లోపమూ కాదు. కొన్ని గేమ్‌లు బొమ్మను ఒక ఫ్రేమ్‌లో చూపి, ఇంకో ఫ్రేమ్‌లో దాచి, పాత తెర నిదానాన్ని వాడుకుని పారదర్శకంగా ఉన్న భ్రమ కల్పించేవి. కొత్త తెర చురుకైనది కాబట్టి గుట్టు రట్టయిపోతుంది. రంగులు మరీ గాఢంగా అనిపించడం కూడా అలాంటిదే, చీకటి తెరలో కనబడాలని అప్పట్లో వాళ్లే రంగులు పెంచి వేశారు. కలర్ మోడ్ ఉన్న కిట్ అయితే కాస్త తగ్గించుకోవచ్చు. విప్పిన పాత తెరను మాత్రం పారేయకండి. రిబ్బన్ మడత పడకుండా ఒక గట్టి డబ్బాలో పెట్టండి, ఆ గేమ్‌లకు అదే సరైన తెర.