నీడలో పెరిగే సోంపు వాసన మొక్క: స్వీట్ సిసిలీ పెంచడం ఎలా

అమెరికా తూర్పు అడవుల్లో, పెద్ద చెట్ల నీడన మే, జూన్ నెలల్లో చిన్న చిన్న తెల్లపూలు పూసే ఈ మొక్క క్యారెట్ కుటుంబానిదే. ఆకు నలిపితే సోంపు వాసన గుప్పుమంటుంది, వేరుకైతే ఇంకా ఘాటు. అక్కడ ఉంటూ పెరట్లో ఎండ పడని తేమ మూల ఖాళీగా ఉందనుకునేవాళ్లు తప్పకుండా వేయండి.

అడవిలోంచి మాత్రం పీక్కురావద్దు, లావు వేరు తెగితే మళ్లీ నాటుకోవడం కష్టం. స్థానిక మొక్కల నర్సరీలో గింజలు కొనండి. సన్నగా, నల్లగా, పొడవుగా ఉంటాయి, బట్టలకు అతుక్కునే బిరుసు నూగు ఉంటుంది. శీతాకాలం చలి తగిలితేనే మొలుస్తాయి కాబట్టి సెప్టెంబర్, అక్టోబర్‌లోనే ఆకులు కుళ్లిన మట్టిలో అర అంగుళం లోతున వేసి, పైన ఎండుటాకులు పల్చగా కప్పండి. వసంతంలో రాకపోతే టెన్షన్ పడి తవ్వేయకండి, ఆ పై ఏడాది కూడా రావచ్చు.

అడవిలో దొరికింది కదా అని నోట్లో పెట్టుకోవద్దు! ప్రాణం తీసే పాయిజన్ హెమ్లాక్ కూడా ఈ కుటుంబమే, దాని నున్నటి కాడ మీద ఊదా మచ్చలుంటాయి. వాసన ఒక్కదాన్నే నమ్మకండి, సోంపు వాసన ఒకసారి చేతికి అంటిందంటే తర్వాత ముట్టుకున్న ప్రతి ఆకూ అదే వాసన వేస్తుంది.