నల్ల పిల్లికి తెల్ల మీసాలు
ఎచింగ్‌లో, అంటే లోహపు ప్లేటును యాసిడ్‌తో తినిపించి బొమ్మను అచ్చువేసే పద్ధతిలో, నల్ల పిల్లిని వేసేటప్పుడు అసలు తిప్పలన్నీ మీసాల దగ్గరే. ప్లేటు మీద గీసిన గీత ఇంకు పట్టి నల్లగానే అచ్చవుతుంది, మరి తెల్ల మీసం ఎలా? ఆక్వాటింట్ పొడిని (గీతలు కాకుండా పరుచుకున్న నలుపు రావడానికి ప్లేటు మీద చల్లే రెజిన్ పొడి) వేడిచేసి ప్లేటుకు అంటించాక, యాసిడ్‌లో పెట్టకముందే, సన్నటి బ్రష్‌తో స్టాప్-అవుట్ వార్నిష్ తీసుకుని మీసాలు ఒక్క ఊపులో లాగేయండి. బుగ్గ దగ్గర మొదలుపెట్టి, చివర్లో బ్రష్ ఎత్తేస్తూ. వార్నిష్ ఉన్నచోట యాసిడ్ తినదు, అక్కడ కాగితం తెల్లగానే మిగులుతుంది. మర్చిపోతే తర్వాత బర్నిషర్‌తో (ప్లేటును నునుపు చేసే లోహపు పనిముట్టు) రుద్ది తేల్చవచ్చు గానీ, నాకైతే ఆ మీసాలు ఎప్పుడూ కాస్త మసకగానే వచ్చాయి.

బొచ్చుకు మాత్రం డ్రైపాయింట్ సూదే (యాసిడ్ లేకుండా ప్లేటును నేరుగా గీకేది) బెస్ట్. గీత పక్కన లేచే గరుకు అంచు ఇంకును పట్టుకుని వెల్వెట్‌లా అచ్చవుతుంది. ప్లేటు మీది ఇంకును గట్టిగా తుడవకండి, అసలే ఆ అంచు కొన్ని ప్రింట్లకే అణిగిపోతుంది.